బోసి చెవుల వియ్యపురాలు

మా ఎదురింటి అమ్మాయి నర్సింగు చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడల్లా స్నేహితురాళ్ళని వెంటేసుకుని మా అరుగు మీదకి చేరుతుంది. "ఆంటీ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటుంది. వాళ్ళకి కావలసింది పడవ మునిగిన రోజో, పాము కరిచినవాణ్ణి బతికించిన రోజో. అవీ ఉన్నాయి, లేకపోలేదు. కానీ నేను మాత్రం "చెవి" అంటాను. పిల్లల మొహాలు వాడిపోతాయి. చెవేంటి ఆంటీ అని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. అందుకని ఒకసారి కుదురుగా రాసి పెడితే, అడిగినప్పుడల్లా గొంతు చించుకోనక్కర్లేదు కదా అని కూర్చున్నాను.

డెబ్బైలు అయిపోయి ఎనభైలు మొదలైన రోజులు. అమలాపురంలో కాలవ గట్టు పక్కన ఒక పాత మేడలో మా ప్రైవేటు ఆస్పత్రి ఉండేది. కాన్పులూ, జ్వరాలూ, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ళూ, ఇవీ మాకు రోజూ వచ్చే కేసులు. నేను ఆపరేషన్ గదిలో నర్సుని. అలాంటి చోటికి ఒక కుర్ర డాక్టరుగారు వచ్చి చేరారు. మా జిల్లా మనిషి కాదు. పెద్ద ఊళ్ళో చదువుకుని, మచ్చలూ, కాలిన గుర్తులూ, చీలిన పెదవులూ సరిచేసే పని నేర్చుకుని వచ్చారు. చర్మానికి, ముఖానికి వైద్యం అని గుమ్మం దగ్గర బోర్డు కట్టించారు.

ఆ బోర్డు చూసి మా కాంపౌండరుగారికి నవ్వాగలేదు. నాకంటే పదేళ్ళు పెద్దాయన. నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది.

"రోగం లేనోళ్ళకి వైద్యం చేస్తారంటండి సిస్టరుగారూ! రేపట్నించి ఆకలి లేనోళ్ళకి అన్నం కూడా పెడతాం కాబోలండి" అన్నాడు.

మొదట్లో వచ్చినవాళ్ళు అందరూ దొడ్డి గుమ్మంలోంచే వచ్చేవారు. మొటిమలకి సున్నం రాసుకుని బుగ్గ కాల్చుకున్న కాలేజీ కుర్రాళ్ళు, పెళ్ళిచూపులకి ముందు స్నో సీసా మొత్తం మొహానికి పట్టించి దద్దుర్లు తెచ్చుకున్న పిల్లలు. డాక్టరుగారు ఓపిగ్గా చూసి, "రాత్రి మొహం కడుక్కుని పడుకోండి, ఎండలో గొడుగు వేసుకోండి, నీళ్ళు బాగా తాగండి" అని పంపించేవారు. జనానికి అది అస్సలు నచ్చలేదు. గొడుగు వేసుకోమని చెప్పడానికి డాక్టరెందుకండీ అని ఒక పెద్దమనిషి నన్నే నిలదీశాడు. నేనూ తక్కువ తినలేదు లెండి. మెడకి పసుపు పట్టించి, తెల్ల యూనిఫారం కాలర్లన్నీ పచ్చగా చేసుకునే రోజులవి.

అలా ఉండగా ఒక పొద్దున్న రాజోలు బస్సు దిగి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. కొడుకు హైస్కూల్లో మేష్టారు. తల్లికి యాభై లోపే ఉంటాయి, చక్కటి మనిషి. నెత్తి మీదనించి చెంపల దాకా కొంగు బిగించి కప్పుకుని ఉంది. వేసవి. ఫ్యాను కింద కూర్చోబెట్టినా ఆ కొంగు తియ్యలేదు. వాళ్ళు క్రైస్తవులు, మాది కూడా క్రైస్తవ కుటుంబమే. ప్రార్థన వేళ ఆడవాళ్ళం నెత్తిన కొంగు వేసుకోవడం మామూలే, ఆమెన్ అనగానే తీసేస్తాం. ఈవిడ మాత్రం పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా ఆమెన్ అనదు కాబోలు అనుకున్నాను.

కొడుకే అందుకున్నాడు. "మా అమ్మ మా ఊళ్ళో పేరుమోసిన భక్తురాలండి. ముసుగెలా వేసుకోవాలో ఈవిణ్ణి చూసి నేర్చుకోండని అయ్యగారు ప్రసంగంలో చెప్పేరండి కూడా." అయ్యగారంటే మా వైపు పాస్టరుగారు. "అసలు సంగతి ఇదండి" అంటూ తల్లి వైపు చూశాడు. ఆవిడ ఇంకెవరూ లేరని గుమ్మం వైపు చూసుకుని కొంగు జరిపింది.

కుడి చెవి తమ్మె నిలువునా రెండుగా చీలిపోయి ఉంది. ఎడమ చెవి బెజ్జం సాగి సాగి, అడుగున దారప్పోగంత చర్మం మీద ఆగి ఉంది.

"కుడిదానికి వీడేనండి కారణం" అని ఆవిడ కొడుకుని చూపించింది. "చంటాడప్పుడు జూకా పట్టుకుని వేళ్ళాడేడండి. ఎడమది మా అత్తగారు పెట్టిన జూకాల బరువుకి సాగిందండి."

"నేను పుట్టిన దగ్గర్నించీ ఇదే కేసండి నా మీద. కొట్టేస్తారనుకుంటే ప్రతి పండక్కీ మళ్ళీ విచారణే" అన్నాడు మేష్టారు. మేం నవ్వాం. ఆవిడ కూడా నవ్వబోయి, అలవాటుగా కొంగు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూసి అతని మొహం మారిపోయింది.

"మూడు వారాల్లో నా పెళ్ళండి డాక్టరుగారూ" అన్నాడు. "మా అమ్మ నలుగుర్లో పడి నవ్వగా నేను చూళ్ళేదండి. నవ్వితే కొంగు జారిపోతుందని భయమండి ఆవిడకి. నా పెళ్ళిలో ఆవిడ ముసుగు లేకుండా కూర్చోవాలండి. అంతేనండి నేనడిగేది."

డాక్టరుగారికి మా ఊళ్ళో అదే మొదటి చెవి. ఆయన సంబరం చూడాలి! తెల్ల కాగితం తీసి చెవి బొమ్మ వేసి, ఎక్కడ కోస్తారో, ఎక్కడ కుడతారో గీసి చూపించారు. తమ్మె మొత్తం మూసేసి కుడతామని, మూడు నెలలు ఏమీ పెట్టుకోకూడదని, ఆ తర్వాత మచ్చ పక్కన కొత్తగా బెజ్జం వేసి తేలిక దుద్దులు పెట్టుకోవచ్చని చెప్పారు. ప్రతి మాటకీ తల్లీ కొడుకూ "ఆయ్" అన్నారు. ఆయన గీస్తున్నారు, వీళ్ళు ఆయ్ అంటున్నారు. మా గోదావరి మర్యాద ఆయనకేం తెలుసు? పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఆయ్ అనకపోతే మాకు తప్పు. బుర్రకెక్కిందా లేదా అన్నది ఇంటికెళ్ళాక చూసుకుంటాం. ఇంత శ్రద్ధగా వినే పేషెంట్లని ఎక్కడా చూడలేదని డాక్టరుగారు నాతో అంటే, నేనూ ఆయ్ అనేసి ఊరుకున్నాను.

ఆపరేషన్ చిన్నదే. చెవి మటుకు మొద్దుబారడానికి ఇంజక్షన్ ఇచ్చారు. పాత చీలిక అంచులకి చర్మం కట్టేసి ఉంటుంది, ఊరికే దగ్గరికి లాగి కుడితే అతుక్కోదు. అందుకని ఆ అంచుల్ని సన్నగా చెక్కి, పచ్చిగా చేసి, అప్పుడు కలపాలి. డాక్టరుగారు ఊపిరి బిగబట్టి కుట్టారు. మనిషి మెలకువగానే ఉంది కనుక మధ్యమధ్యలో గుడ్డ కిందనించి మాటలు వినిపించేవి.

"సిస్టరుగారూ, ఇప్పుడు నవ్వొచ్చాండి?"

"కాసేపు ఆగండి, సూది చెవిలోనే ఉంది."

"ఇన్నేళ్ళు ఆగేను కదండీ, ఆగుతాను లెండి."

రెండు చెవులకీ కట్టు కట్టి, తడవకుండా చూసుకోమని, వారానికి రమ్మని చెప్పి పంపించాం.

వారానికి వచ్చారు. ఈసారి మేష్టారికి బదులు ఆవిడ అత్తగారు వచ్చింది. గట్టి మనిషి. చెవులకి జూకాలు, మెడలో గొలుసు, చేతిలో గొడుగు. కోడల్ని కుర్చీలో కూర్చోబెట్టి, తను డాక్టరుగారి కుర్చీలో కూర్చుంది. నేను ముందు ఎడమ చెవి కట్టు విప్పాను. కుట్లు తీశాక డాక్టరుగారు అద్దం ఇచ్చారు. చక్కగా, గుండ్రంగా, పిల్లల చెవిలా ఉంది తమ్మె. ఆవిడ అద్దం దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చాలాసేపు చూసుకుంది. కళ్ళు చెమర్చాయి.

తర్వాత కుడి చెవి కట్టు విప్పాను. కుట్టు పక్కనే చీపురుపుల్ల ముక్క అటునించి ఇటు దిగి ఉంది. దాని చుట్టూ పసుపూ కొబ్బరినూనే. తమ్మె ఎర్రగా పొంగి, చీము పట్టింది.

మా వైపు చంటిపిల్లలకి చెవులు కుట్టించాక బెజ్జం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క తుంచి, నూనె రాసి పెట్టి ఉంచుతారు. నాకు మా అమ్మ అలాగే పెట్టింది. మా అమ్మకి వాళ్ళమ్మ.

డాక్టరుగారు ఏనాడూ గొంతు పెంచి ఎరగరు. ఆ రోజు స్టూలు మీద కూలబడి, "ఎవరు చేశారిది?" అని గట్టిగానే అడిగారు.

"నేనేనండి" అంది అత్తగారు, ఏదో బహుమతి అందుకోవడానికి లేచినట్టుగా. "కట్టు పక్కకి జరిగితే చూసేనండి. బెజ్జమే లేదు! మీరు కంగారులో ఉంచడం మర్చిపోయేరు. పోన్లెండి, కుర్రవారు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. ఒక చెవి నేను సర్దేను. రెండోది మీరు సర్దండి."

కాంపౌండరుగారు మందుల గదిలోకి పరిగెత్తి తలుపేసుకున్నాడు. లోపల్నించి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

డాక్టరుగారు పుల్ల తీసి, శుభ్రం చేసి, మళ్ళీ మొదటినించి చెప్పారు. మూడు నెలల దాకా బెజ్జం లేదు, జూకా లేదు, దుద్దు లేదు అన్నారు. ఈసారి ఆయ్ అనలేదు ఎవరూ. అత్తగారు నోరు తెరిచి వింది.

"పెళ్ళికొడుకు తల్లి బోసి చెవులతో కూర్చుంటుందాండీ? వియ్యాలవారు ఏమనుకుంటారండీ? కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నట్టు, చిరిగిన చెవి బాగుచెయ్యమంటే ఉన్న బెజ్జం పూడ్చేసేరు! పదవే అమ్మాయ్, మన కంసాలి చేత ఇవాళే పొడిపించేస్తాను."

"ఇప్పుడు పొడిస్తే మళ్ళీ చిరుగుతుందండీ" అన్నారు డాక్టరుగారు, ఏడవడం ఒక్కటే తక్కువగా.

కోడలు అద్దం బల్ల మీద పెట్టేసి, కొంగు తీసి మెల్లిగా నెత్తి మీదకి లాక్కుంది. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. వారం రోజుల కిందట నవ్వొచ్చా అని అడిగిన మనిషి.

ఆ తర్వాత రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకునేవారు. చీము తగ్గింది, వాపు లాగేసింది. కానీ అత్తగారి పట్టుదల మాత్రం తగ్గలేదు. బెజ్జం లేకపోతే దారంతో చెవి చుట్టూ జూకాలు కట్టేస్తానంది.

"బరువు పడితే కుట్టు విడిపోతుందండి పిన్నిగారూ" అన్నాను.

"ఒక్క పూటేనే అమ్మా."

"మీ మనవడు కూడా ఒక్క క్షణమే కదండీ లాగింది?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీకు అత్తగారుందా?" అంది. ఉందండి అన్నాను. "పాపం" అని ఊరుకుంది. నన్ననుకుందో, మా అత్తగారిననుకుందో నేను అడగలేదు.

అప్పటికి మా ఆస్పత్రి చుట్టుపక్కల ఈ చెవుల సంగతి పాకిపోయింది. పెళ్ళిలో ఏమవుతుందో చూసి అప్పుడు వద్దామని ఎందరో ఆగి ఉన్నారని కాంపౌండరుగారే వార్త తెచ్చాడు. డాక్టరుగారు బెంగపెట్టుకుని భోజనం తగ్గించేశారు. తనే వెళ్ళి వియ్యాలవారికి బొమ్మ గీసి చెప్పొస్తానన్నారు. మీ బొమ్మలకో దణ్ణం, కూర్చోండి అన్నాను.

ఆఖరి కట్టు విప్పిన రోజు అత్తగారు వరండాలో ఎవరితోనో మాటల్లో పడితే, కోడలు నన్ను అడిగింది. "ఏం చెయ్యమంటారండి సిస్టరుగారూ?"

ఏం చెప్పను? ఆవిడ కాపురం, ఆవిడ వియ్యం, ఆవిడ చెవి. "మీరు ఎవరి కోసం కుట్టించుకున్నారండీ?" అని మాత్రం అన్నాను.

"మావాడి కోసమేననుకున్నానండి. ఆ రోజు అద్దంలో చూసుకున్నాక నాకోసమేననిపించిందండి." అని, సిగ్గుపడి, "ఇలా అనుకోవడం తప్పాండీ, ఈ వయసులో?" అంది.

తప్పు కాదని చెప్పాను. అమ్మాయిలూ, ఆ మాట మీకూ చెబుతున్నాను. రోగం లేనివాళ్ళకి వైద్యమేమిటని నేనూ కొన్నాళ్ళు నవ్వుకున్నదాన్నే. ఇరవై అయిదేళ్ళు కొంగు చాటున నవ్వు దాచుకోవడం రోగం కాకపోతే మరేమిటి?

పెళ్ళి కొత్తపేటలో, ఆడపెళ్ళివారి చర్చిలో. మాకందరికీ శుభలేఖలొచ్చాయి. డాక్టరుగారు రానన్నారు. ఆ పెద్దావిడ నలుగుర్లో తన కుర్చీలో కూర్చున్నా కూర్చుంటుందని భయం. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేశాను. కాంపౌండరుగారు మాత్రం విందు కోసమని ఆయనంతట ఆయనే బయల్దేరాడు.

చర్చిలో ముందు బల్ల మీద కూర్చుంది పెళ్ళికొడుకు తల్లి, గంధం రంగు పట్టుచీరలో. ప్రార్థన కదా, ఆడవాళ్ళందరి నెత్తిన కొంగులే. ఎవరి చెవి ఎలా ఉందో ఆ ప్రభువుకే తెలియాలి. అయ్యగారు ఏం ప్రసంగించారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నా చూపంతా ఆ కొంగు మీదే. చెంపల దగ్గర ఏదో ఎత్తుగా కనిపించింది.

"సిస్టర్, అక్కడ ఏదో వేలాడుతోందా?" అన్నారు డాక్టరుగారు పక్క వరసలోంచి.

"ప్రార్థన చేసుకోండి" అన్నాను. నాకూ అదే భయం.

పెళ్ళయింది. అందరూ బయట పందిట్లోకి వచ్చారు. ఫొటోగ్రాఫరు రెండు వైపుల పెద్దవాళ్ళనీ పిలిచి, పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ మధ్యలో నిలబెట్టాడు. "అమ్మగారూ, మొహం చీకటిగా ఉందండి, కొంగు కాస్త వెనక్కండి" అన్నాడు.

ఆవిడ కొడుకు వైపు చూసింది. అతను ఊరికే తల్లి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ రెండు చేతులతో కొంగు పట్టుకుని పూర్తిగా భుజాల మీదకి దింపేసింది. చెంపల దగ్గర ఎత్తుగా కనిపించినవి మల్లెదండ మడతలు. చెవులకి ఏమీ లేవు. దారం లేదు, జూకా లేదు.

"జూకాలేవే?" అంది అత్తగారు, పందిరంతా వినపడేలా.

"పెట్టెలో ఉన్నాయండి అత్తయ్యగారూ."

వెనక వరసలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. డాక్టరుగారు కాంపౌండరుగారి వెనక్కి జరిగారు. పెళ్ళికూతురి తల్లి, ఆవిడ కూడా నెత్తిన కొంగుతోనే ఉంది, ఒక అడుగు ముందుకేసి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఏం వదినగారూ, చెవులు బోసిగా ఉన్నాయేంటండీ?"

పెళ్ళికొడుకు తల్లి తొణకలేదు. కుడి చెవి ఒకసారి, ఎడమ చెవి ఒకసారి వియ్యపురాలి వైపు తిప్పి చూపించింది.

"చెవులు ఉన్నాయి కదండీ వదినగారూ, ముందు అవి చూడండి" అని నవ్వింది. కొంగూ లేదు, చెయ్యీ అడ్డం లేదు. నిండుగా, గలగలా, పందిరంతా వినపడేలా నవ్వింది. మేష్టారు జేబురుమాలు తీసుకుని అటు తిరిగిపోయాడు. ఆ నవ్వు వింటే నాకు కళ్ళనీళ్ళాగలేదు, దాచుకోను కూడా లేదు.

వియ్యపురాలు దగ్గరకొచ్చి, వేలితో తమ్మె ఎత్తి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత చుట్టూ ఒకసారి పరికించి, తన కొంగు చెంప దగ్గర ఇంత పక్కకి తీసింది. ఆవిడ చెవీ చీలిపోయే ఉంది.

"ఎక్కడ కుట్టేరండీ?" అంది గొంతు తగ్గించి.

జవాబు అత్తగారు చెప్పింది. "మా డాక్టరుగారేనండి, అదిగో, ఆ కాంపౌండరుగారి వెనకాల దాక్కున్నారు చూడండి. బెజ్జం ఉంచడం ఒకటే తెలీదు కానండి, పనిమంతుడు."

ఇంకేముంది! ఒక్కొక్క కొంగే జరగడం మొదలెట్టింది. అందరూ భక్తురాళ్ళే అనుకున్నాం ఇన్నాళ్ళూ. డాక్టరుగారి చుట్టూ ఆడవాళ్ళు మూగిపోతే, రోగం లేనోళ్ళకి వైద్యమా అన్న కాంపౌండరుగారు చేతులు చాపి, "ఒకరి తర్వాత ఒకరు రండమ్మా, తోసుకోకండి" అంటూ అక్కడే ఓపీ పెట్టేశాడు. ఆ సోమవారం నించి మా ఆస్పత్రికి ముందు గుమ్మంలోంచే వచ్చారు జనం. ఆ ఏడాది మేం కుట్టినన్ని చెవులు ఎవరూ కుట్టి ఉండరు. మూడు నెలలు నిండాక ఆవిడా వచ్చి కొత్త బెజ్జాలు వేయించుకుని, పెసరగింజంత దుద్దులు పెట్టుకుని వెళ్ళింది.

మేష్టారు ఆ పెళ్ళి ఫొటో కాపీ ఒకటి తెచ్చి నాకిచ్చాడు. ఎదురింటి పిల్లలకి అదే చూపిస్తూ ఉంటాను. అది ఫొటోగ్రాఫరు చూసుకోకుండా నొక్కేసిన ఫొటో. అందులో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఎవరికీ పట్టలేదు. వియ్యపురాలు, అత్తగారు, వెనక వరసలో ఆడవాళ్ళు అందరూ మెడలు చాచి ఆవిడ చెవి వైపే చూస్తున్నారు. ఆవిడొక్కతే కెమెరాలోకి చూస్తూ, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.